గెడ్డమీది వంతెన

దుఃఖమును గూర్చి పిల్లలతో మాటలాడవచ్చునా, కూడదా యను ప్రశ్న ప్రతి తెలుగు ఉపాధ్యాయునకును ఎప్పుడో యొకప్పుడు ఎదురగును. మన పద్యపాఠములలో మృత్యుఘట్టములకు కొదువ లేదు. అభిమన్యుడు పద్మవ్యూహమున పడును. దశరథుడు పుత్రశోకమున ప్రాణములు విడుచును. లోహితాస్యుడు పాముకాటున నేలకొరగును. వానికి ప్రతిపదార్థము, తాత్పర్యము, ఛందస్సు, అలంకారము చెప్పుటకు పండితునకు దారి కలదు. మేమును పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున, విజయనగరములో, ఉపాధ్యాయ శిక్షణ పొందుచు ఆ దారి నేర్చితిమి. కాని తరగతిలో రెండవ వరుసలో కూర్చున్న పిల్లవాని యింట నిజముగా చావు జరిగినప్పుడు ఏమి చెప్పవలెనో ఏ పాఠ్యప్రణాళికలోను వ్రాసియుండదు.

పర్లాకిమిడి పిల్లలకిది దూరపు మాట కాదు. మన ప్రాంతమునుండి పనులకై సూరతు మొదలగు దూరప్రదేశములకు పోవువారు పలువురు కలరు. పోయినవారందరును తిరిగి వచ్చుట లేదు. వానకాలమున మహేంద్రతనయ పొంగును, కొండగెడ్డలు పొంగును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాపై విరుచుకొని పడినప్పుడు కొండచరియలు జారి, పలు కుటుంబములు ఒక్క పూటలో అయినవారిని పోగొట్టుకొనెను. కావున చావును గూర్చి పిల్లలకు తెలియదని తలచుట పెద్దల భ్రమ. వారికి తెలియును, చెప్పుకొనుటకు మాటలే లేవు. అట్టి మాటలను సమకూర్చు ఒక నవలను గూర్చి ఈ సంచికలో వ్రాయదలచితిమి.

ఆ నవల పేరు ‘బ్రిడ్జ్ టు టెరబితియా’. టెరబితియాకు వంతెన యని యర్థము. వ్రాసినది కేథరీన్ పేటర్సన్ అను అమెరికా రచయిత్రి. 1977లో వెలువడి, మరు సంవత్సరము ఆ దేశమున బాలసాహిత్యమునకిచ్చు న్యూబెరీ పతకమును పొందినది. కథానాయకుడు అయిదవ తరగతి బాలుడే యైనను, పదునాలుగేండ్లవారును, నలువదేండ్లవారును చదువదగిన గ్రంథమిది. మేము దీనిని ఆంగ్లమున చదివి, తొమ్మిదవ తరగతి పిల్లలకు శనివారము కడపటి గంటలో, ఆరు వారములపాటు, తెలుగున చెప్పితిమి. అట్లు చెప్పుచుండగా మాకు తోచిన సంగతులే ఈ వ్యాసము.

ముందుగా కథ. వర్జీనియా రాష్ట్రమున ఒక పల్లె. జెస్ ఆరన్స్ అను పదేండ్ల బాలుడు ఇద్దరక్కలకును, ఇద్దరు చెల్లెండ్రకును నడుమ పుట్టినవాడు. తండ్రి దినదినము దూరముననున్న వాషింగ్టన్ నగరమునకు పోయి పని చేసి వచ్చును. ఇంట డబ్బునకు కటకట. ఆవును పితుకుట జెస్ వంతు. ఆ బాలునకు రెండు కోరికలు కలవు. తరగతిలో అందరికంటె వేగముగా పరుగెత్తవలెనని మొదటిది. అందులకై వేసవి యంతయు వేకువనే లేచి పచ్చికబయలున పరుగు సాధన చేసెను. బొమ్మలు వేయవలెనని రెండవది. ఇది పైకి చెప్పరాని కోరిక. ఒకటవ తరగతిలో నుండగా, పెద్దవాడనై చిత్రకారుడనగుదునని తండ్రితో చెప్పెను. తండ్రి సంతోషించునని తలచెను గాని, తండ్రికి ఆ మాట రుచింపలేదు. బడిలో ఉపాధ్యాయులును కాగితములు పాడుచేయుచున్నాడని కోపించిరి. వారమునకొకసారి, శుక్రవారమున, వచ్చెడి సంగీతోపాధ్యాయిని మిస్ ఎడ్మండ్స్ ఒక్కతెయే వాని చేతిలో విద్య కలదని గుర్తించెను.

ఆ యేడు పొరుగింటికి లెస్లీ బర్క్ అను బాలిక వచ్చెను. ఆమె తలిదండ్రులు రచయితలు. తమ యిష్టముచేతనే పట్టణము విడిచి పల్లెకు వచ్చినవారు. వారింట పుస్తకములు రాసులుగా నుండెను, టెలివిజను మాత్రము లేదు. ఈ సంగతి తెలిసి తరగతి పిల్లలామెను వింతప్రాణిని చూచినట్లు చూచిరి. మగపిల్లల పరుగుపందెములో దిగి జెస్‌తో సహా అందరిని ఓడించినది. వేసవినాటి సాధన యంతయు ఒక్క పూటలో వ్యర్థమైనను, కొలది దినములకే ఆ యిద్దరును ప్రాణస్నేహితులైరి.

ఊరివెలుపల ఒక గెడ్డ కలదు. గెడ్డ యను మాటకు మన పిల్లలకు అర్థము చెప్పనక్కరలేకపోయెను. గట్టుమీది అడవి ఆపిలుచెట్టుకు ఎవరో ఎప్పుడో ఒక తాడు కట్టిరి. దానిని పట్టుకొని ఊగి ఆవలి గట్టున దుముకవలెను. ఆవల, చెట్ల నడుమ, ఆ పిల్లలొక రాజ్యమును కల్పించుకొని దానికి టెరబితియా యని పేరు పెట్టిరి. జెస్ రాజు, లెస్లీ రాణి. పాతచెక్కలతో కట్టిన గుడిసె వారి కోట. కథలల్లుట లెస్లీ వంతు, బొమ్మలు జెస్ వంతు. ఆ చెట్లలోని జీవము తన గీతలకు చిక్కుట లేదని అతడు దిగులుపడగా, ఏనాటికైన చిక్కునని ఆమె ధైర్యము చెప్పెను. క్రిస్మసునకు జెస్ ఆమెకొక కుక్కపిల్లను తెచ్చియిచ్చెను. ఆమె అతనికి 24 రంగుల గొట్టములు గల పెట్టెను, మూడు కుంచెలను, దళసరి కాగితములను ఇచ్చెను. దాచుకొన్న కోరికను ఒకరు కనిపెట్టి, దానికి సిగ్గుపడనక్కరలేదని చెప్పినట్లాయెను.

ఈస్టరు సెలవులలో వానలు పట్టినవి. గెడ్డ నిండుగా పారుచుండెను. ఆ నీటిని చూచి జెస్ భయపడెను. భయపడితినని చెప్పుటకు సిగ్గుపడెను. అంతలో ఒకనాటి యుదయము మిస్ ఎడ్మండ్స్ టెలిఫోను చేసి, వాషింగ్టన్‌లోని చిత్రశాలకు తనతో రమ్మని పిలిచెను. లెస్లీని గూడ పిలువవచ్చుననెడి తలంపు దారిలో గాని అతనికి తోచలేదు. తోచినపుడు, ఈ దినము నాకొక్కనికే దక్కినదని లోలోన సంతసించెను. నేషనల్ గ్యాలరీలోని చిత్రములను చూచి మైమరచెను. అంతటి సుదినము ఆ బాలుడు జన్మమున నెరుగడు. ఇంటికి వచ్చుసరికి అందరును మౌనముగా కూర్చుండిరి. ఒంటరిగా టెరబితియాకు పోబోయిన లెస్లీ, తాడు తెగి, గెడ్డలో పడి మరణించినది.

చిత్రకళ అతని కన్నులు తెరచిన దినమును, స్నేహితురాలు కన్ను మూసిన దినమును రచయిత్రి ఒక్కటిగా చేసెను. ఈ నవలలో మమ్ము కలచివేసిన సంగతి ఇదియే. కళ వేరు, దుఃఖము వేరు అని మనమనుకొందుము. ఒకటి పండుగనాటిది, మరియొకటి మైలనాటిది అనుకొందుము. కాని ఆ బాలుని జీవితమున రెండును ఒకే తేదీన వచ్చినవి. ఇక మీదట ఒకదానిని తలచినప్పుడెల్ల రెండవది తలపునకు రాక మానదు.

తరువాతి ప్రకరణములలో రచయిత్రి కన్నీటికొరకు కన్నీరు కార్పింపలేదు. జెస్ తొలుత నమ్మడు. అబద్ధమని బాటవెంట పరుగెత్తును. తండ్రి బండిలో వెంబడించి వానిని ఎత్తుకొని తెచ్చును. మరునాటి యుదయము ఏమియు జరుగనట్లు అట్లు తినును. తన యీడువారిలో ప్రాణస్నేహితురాలు పోయినవాడు తానొక్కడే యని, ఇక బడిలో అందరును తన్ను ప్రత్యేకముగా చూతురని ఒక చిన్న గర్వము గూడ వాని మనస్సున పొడసూపును. పిదప తన్ను విడిచిపోయినదని లెస్లీమీదనే కోపము వచ్చును. ఏదో యడిగిన చెల్లెలు మే బెల్‌ను కొట్టును. లెస్లీ యిచ్చిన రంగులను, కాగితములను తీసికొనిపోయి గెడ్డలోనికి విసరివేయును. ఆ రంగులు ప్రవాహమున పడి కనుమరుగగును. శోకించువాడు ఎల్లవేళల కన్నీరు కార్చుచుండునని, సాధువుగా నుండునని తలచువారు ఈ పుటలు చదువవలెను. బిడ్డ కొట్టినను, అరచినను, అన్నము బాగుగా తినినను, అదియు దుఃఖమే.

ఈ భాగము చెప్పిన శనివారము గంట మ్రోగినను పిల్లలు లేవలేదు. రెండవ వరుసనుండి ఒక బాలుడు అడిగెను:

“మాస్టారూ, ఆ రంగులు మళ్ళీ దొరికినాయా?”

“లేదు నాయనా, దొరకలేదు.”

“మరి ఏటి సేసినాడు?”

“వచ్చే శనివారం చెబుతాను.”

ఆ బాలుని పేరు చెప్పము. అతని యింటివారిది కొమ్ముపని. మన పర్లాకిమిడి కొమ్ముబొమ్మలకు పేరెన్నికగన్నదని మీకు తెలియును. గేదెకొమ్మును, ఆవుకొమ్మును కాచి, మెత్తబడగా వంచి, ఆకురాయితో అరగదీసి, నునుపు పట్టించి కొంగలు, దువ్వెనలు మొదలైనవి చేయుదురు. అతని అన్న చిన్ననాట ఆ పని నేర్చి, రాబడి చాలక సూరతు పోయెను. అక్కడ జ్వరము వచ్చి రెండు సంవత్సరముల క్రిందట మరణించెను. ఇంట అన్న విడిచిపోయినవి ఒక ఆకురాయి, సగము తీర్చిన ఒక కొంగ. అన్న పోయినది మొదలు తమ్ముడు ఆకురాయిని ముట్టలేదని తల్లి మాతో చెప్పియుండెను. ఆ పిల్లవాడు అడిగినది జెస్ రంగులను గూర్చి కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మరు శనివారము మిగిలిన కథ చెప్పితిమి. గెడ్డయొడ్డున కూర్చున్న జెస్ కడకు తండ్రి వచ్చెను. బొమ్మల మాట రుచింపని ఆ తండ్రియే. ఉపదేశము చేయలేదు. రంగులను పారవేయుట తెలివిమాలిన పని యని మాత్రమనెను. కొడుకును ఒడిలోనికి తీసికొని ఓదార్చెను. బడి తెరచిన పిదప మయర్స్ అను పంతులమ్మ జెస్‌ను తరగతి వెలుపలికి పిలిచెను. ఆమె కఠినురాలు; పిల్లలు చాటున ఆమెను గేలి చేయుచుండెడివారు. ఆమె తన భర్త పోయిన నాటి సంగతి చెప్పెను. ఏడువవద్దని, మరచిపొమ్మని అందరును తనకు చెప్పిరట. మరచుట మాత్రము తన కిష్టము లేకపోయెనట. ఒక తరగతికి ఉపాధ్యాయురాలు చెప్పదగిన పాఠములలో ఇంతకంటె గొప్పది మా కంటబడలేదు.

జెస్ గెడ్డ దాటి టెరబితియాకు పోయెను. తాడు లేదు, ఒక కొమ్మమీదుగా ప్రాకి పోయెను. అతడు వెదకబోయినది దేనిని? లెస్లీ యచట లేదని అతనికి తెలియును. ఆమె లేకున్నను ఆ రాజ్యమున్నదా, లేక ఆమెతోనే పోయినదా, ఆ వింత యంతయు ఆమెదేనా, తనలో నేమైన మిగిలినదా యని అతడు వెదకెను. ప్రియులను పోగొట్టుకొన్న ప్రతివారును వెదకునది ఇదియే. పైన్ కొమ్మను వంచి, అడవిపూలు చెక్కి, ఒక పూలవలయము కట్టి, వారిద్దరును ప్రార్థించుకొనెడి చెట్లగుంపులో ఉంచెను. రంగులు పారవేసిన చేతులకు దొరికిన మొదటి కళ ఆ పూలవలయమే. అంతలో ఒక కేక వినబడెను. అన్నను వెంబడించి వచ్చిన మే బెల్ కొమ్మ నడుమ చిక్కుకొని భయముతో ఏడ్చుచుండెను. జెస్ పోయి చెల్లెలిని దించెను. పిమ్మట, లెస్లీ తలిదండ్రులు ఊరు విడిచిపోవుచు ఇచ్చిన చెక్కలతో గెడ్డమీద వంతెన కట్టి, చెల్లెలి తలలో పూలు పెట్టి, క్రొత్త రాణిగా ఆమెను ఆవలికి నడిపించుకొనిపోయెను.

ఈ ముగింపునకు ముందు జెస్ మనస్సున ఒక యాలోచన మెదలును. లెస్లీ తనకు చూపును, బలమును అప్పుగా ఇచ్చెను. దానిని సౌందర్యముగను, ఆదరముగను లోకమునకు తిరిగి చెల్లింపవలెను అని ఆ బాలుడు తలచును. అమెరికా పల్లెలోని పదేండ్ల బాలుని మనస్సున మెదలిన ఈ మాట మన యింటి మాటవలెనే యున్నది. మనవారు ఋణములు మూడనిరి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. ఇందులో ఒక విశేషమున్నది. ఋషులకు పడిన ఋణమును ఋషులకు తిరిగి చెల్లింపలేము. చదివి, చదివించి, రాబోవువారికి చెల్లించెదము. తండ్రులకు పడినదానిని బిడ్డలకు చెల్లించెదము. ఇచ్చినవాడు వెనుక నుండును, పుచ్చుకొనువాడు ముందు నుండును. జెస్ లెస్లీకి పడిన మిత్రఋణమును మే బెల్‌కు చెల్లించెను. తాడు ఒకరు దాటుటకు పనికివచ్చును. చెల్లెలి చేయి పట్టుకొని దాటుటకు వంతెనయే కావలెను. తనకు దారియైన తాడును మరల కట్టక, పరులకు దారియగు వంతెనను కట్టుటలోనే ఈ నవల సారమంతయు నున్నదని మా అభిప్రాయము.

శోకమునుండి కళ పుట్టుట మనకు క్రొత్త గాదు. తమసానదీతీరమున బోయవాడు క్రౌంచమును కొట్టగా, జతను బాసిన పక్షి రోదనము విని, వాల్మీకి నోట శోకము శ్లోకమైనదని చిన్ననాటనే చదివియుందురు. తల్లిని పోగొట్టుకొని నాయని సుబ్బారావుగారు ‘మాతృగీతములు’ వ్రాసిరి. భార్యను పోగొట్టుకొని విశ్వనాథ సత్యనారాయణగారు ‘వరలక్ష్మీ త్రిశతి’ వ్రాసిరి. అయినను మహాకవులకే ఇది సాధ్యమని తలపవలదు. మా యింటి సంగతియొకటి చెప్పెదము.

మేము విజయనగరమున శిక్షణలో నుండగా మా అక్కగారు కాలము చేసిరి. ఆమె ముగ్గులు వేయుటలో నేర్పరి. ధనుర్మాసమున మా వీధివారు మా వాకిటికి వచ్చి చూచి పోయెడివారు. ఆమె యొక నోటుపుస్తకమున చుక్కల లెక్కలు వ్రాసికొనిరి: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చువరకు; ఇట్లు పుటలకు పుటలు. ఆ యేడంతయు మా వాకిట ముగ్గు లేదు. చావు జరిగిన యింట పండుగ చేయుట ఆచారము కాదు. ఏడాది తిరిగిన పిదపను మా అమ్మగారు పిండిగిన్నె ముట్టలేదు. చుట్టములు వచ్చి, ఆ నోటుపుస్తకము కంటబడకుండ దాచివేయుడని చెప్పిరి. అమ్మగారు దాచనీయలేదు. రెండవ సంక్రాంతికి ఎదురింటి ఆడపిల్ల వచ్చి, “పెద్దమ్మా, అక్క ఏసే పద్మం ముగ్గు నాకు నేర్పవా?” అని యడిగెను. అమ్మగారు ఆ పుస్తకము తెచ్చి, కళ్ళజోడు పెట్టుకొని, చుక్కలు లెక్కపెట్టుచు, ఆ పిల్ల వాకిట ఆ ముగ్గు వేయించిరి. తరువాతనే మా వాకిట వేసిరి. నేడా నోటుపుస్తకము అట్ట ఊడి, నూనెమరకలు పడి, నాలుగు వీధులు తిరుగుచున్నది. అది మా యింట లేకపోవుటయే మా అమ్మగారికి తృప్తి.

నవల పుట్టుకయు ఇట్టిదే. కేథరీన్ పేటర్సన్ 1932లో చైనా దేశమున, క్రైస్తవ మతప్రచారకుల యింట జన్మించినది. తొలుత నేర్చిన భాష చైనీయమే. యుద్ధము వచ్చి ఆ కుటుంబము చైనాను విడువవలసి వచ్చెను. అమెరికాలోని బడిలో ఆమె వింతపిల్ల యయ్యెను. ఇంట తెలుగును, అంగట ఒడియాను మాటలాడుచు, రెండు చోట్లను తన మాటతీరు ఎవరైన నవ్వుదురేమో యని జంకు మన పిల్లలు, లెస్లీని చూచి తరగతి నవ్విన ఘట్టమును త్వరగా గ్రహించిరి. 1974లో పేటర్సన్‌కు కాన్సరు వ్యాధికై శస్త్రచికిత్స జరిగెను. ఆ యేడే ఆమె కుమారుడు డేవిడ్, ఎనిమిదేండ్లవాడు, తన ప్రాణస్నేహితురాలైన లీసా యను బాలికను పోగొట్టుకొనెను. ఆ బాలిక పిడుగుపాటున మరణించినది. కొడుకు దుఃఖమునకు అర్థము వెదకుచు తల్లి ఈ నవల మొదలుపెట్టెను. లెస్లీ మరణింపవలసిన ప్రకరణము వచ్చుసరికి కలము సాగలేదు. ఆ ప్రకరణము వ్రాయకున్నచో లెస్లీ బ్రదికియుండునని ఆమెకు తోచినదట. కొన్నాళ్ళు ఇంటిపనులలో పడి, తుదకు తెగించి వ్రాసెను. పుస్తకమును కుమారునకు అంకితము చేసెను. అతడు చదివి, ఆ పుటలో లీసా పేరు గూడ చేర్చుమని తల్లిని కోరెను. రెండు పేర్లును అచ్చుపడినవి. పెద్దవాడైన పిదప ఆ డేవిడే, 2007లో ఈ కథ చలనచిత్రముగా వచ్చినపుడు, దాని రచనలో పాలుపంచుకొనెను. తల్లి కట్టిన వంతెనమీద కొడుకు నడచెను. పిదప తానును దానికి కొన్ని చెక్కలు చేర్చెను.

ఇక తలిదండ్రులకు ఒక మాట. ఇట్టి పుస్తకములు పిల్లల కీయవచ్చునా యని మీరు సంకోచింపవచ్చును. ఈ సంకోచము ఆ దేశమునను కలదు. 1990 నుండి 1999 వరకు అమెరికాలోని బడులలోను, గ్రంథాలయములలోను ఎక్కువ అభ్యంతరములకు గురియైన పుస్తకముల పట్టికలో ఈ నవలయు నున్నది. భాష మోటుగా నున్నదని కొందరును, మతవిషయములను గూర్చి కొందరును, చావును గూర్చి కొందరును ఆక్షేపించిరి. వారి భయమును మేము తేలికగా చూడము. బిడ్డ మనస్సు నొచ్చునేమోయను భయము ప్రేమనుండియే పుట్టును. కాని మృత్యువు పుస్తకము తలుపు తట్టి రాదు. పుస్తకము లేని యిండ్లకును వచ్చును. అది వచ్చిన నాడు, ఇట్టి కథ నొకదానిని ముందే విన్న బిడ్డకు, తన కోపమును, తన మౌనమును చూచి తానే భయపడనవసరము లేకుండును. నా వంటివాడు ఇంకొకడు కలడని తెలియును.

మీ యింట అట్టి కష్టము వచ్చినచో, జెస్ తండ్రిని తలచుకొనుడు. “మరచిపో, చదువుమీద మనసు పెట్టు” అని తొందరపెట్టకుడు. పోయినవారి పేరు ఇంట నోటరాకుండ చేయకుడు. పేరు పలుకనీయని యింట బిడ్డ ఆ పేరును ఒంటరిగా మోయవలసి వచ్చును. వారి వస్తువులలో నొకటి బిడ్డ చేతికీయుడు. వాడు బొమ్మ వేసినను, పాట పాడినను, ఏదైన చెక్కినను, కాలము వ్యర్థము చేయుచున్నాడని కసరకుడు. అన్నము తినక, నిద్రపోక, ఎవరితోను పలుకక దినములు గడపుచున్నచో మాత్రము మాతోడను, వైద్యునితోడను చెప్పుడు. బిడ్డ దుఃఖము ఇంటి గుట్టు కాదు.

ఆ కొమ్ముపని యింటి బాలుని సంగతి మీరు అడుగుదురు. నవల ముగిసిన మూడు వారములకు, అతడు కాగితమున చుట్టిన రెండు కొంగలను తెచ్చి మా బల్లమీద పెట్టెను. ఒకటి అన్న విడిచినది: మెడ నునుపుగా, రెక్కలు మొరటుగా, కాళ్ళు లేకుండ. దానిని నీవు పూర్తి చేయవా యని యడిగితిమి.

“సెయ్యను మాస్టారూ. అన్న ఒగ్గేసినంతవరకే ఉండనీండి. ఇది నాది.”

రెండవ కొంగ మెడ వంకరగా నుండెను. ముక్కు కొంచెము విరిగియుండెను. ఆరవ తరగతిలోని ఇద్దరు పిల్లలు ఆ విరిగిన ముక్కు ఎట్లు అతికింపవలెనో చూపుమని అతనిచుట్టు మూగిరి. అతడు వారిని విసుగుకొనుచునే చూపెను.

విద్యార్థులారా! ఈ నవల మన గ్రంథాలయమున ఆంగ్లప్రతిగా ఉంచబడినది. ఆంగ్లము కష్టమని విడువకుడు; ఇద్దరు కూర్చుండి, ఒకరు చదువుచు ఒకరు తెలుగున చెప్పుచు సాగుడు. అటుపిమ్మట మీ యింట పోయినవారిలో నొకరిని తలచుకొని, వారు మీకిచ్చినదేమో ఆలోచింపుడు. అవ్వ చెప్పిన సామెత కావచ్చును, తాత నేర్పిన ఈత కావచ్చును, నేస్తుడు చూపిన ఆట కావచ్చును. దానిని పది పంక్తులలో వ్రాసి, లేక బొమ్మగా వేసి, మాకీయుడు. వచ్చు సంచికలో రెండు పుటలు వానికై విడిచియుంచితిమి.